కిరాణా ఖర్చు నెలకు మూడు వందల చొప్పున తగ్గించుకోవడం ఎలా?

జీతం చేతికి రాగానే "ఈ నెల నుంచి సగం ఖర్చుతోనే ఇల్లు గడవాలి" అని తీర్మానించుకునే కుటుంబాలు చాలా ఉంటాయి. మొదటి వారం పప్పుచారు పలచబడుతుంది. రెండో వారం పిల్లలు కంచం ముందు ముఖం ముడుచుకుంటారు. మూడో వారం బయటి నుంచి బిర్యానీ పొట్లం వస్తుంది, దానితో అప్పటిదాకా మిగిల్చిందంతా పోతుంది. తిండి ఖర్చు ఒక్క దెబ్బతో తగ్గేది కాదు. నాలుక రుచి, వండే చేతి అలవాటు, కిరాణా కొట్టుతో ఉన్న లెక్కాడొక్కా, ఇవన్నీ మెల్లగా మారాలి.

అందుకని నేను చెప్పే పద్ధతి ఒక్కటే: నెలకు ఒక పద్దు. ఒక నెలలో ఒకే రకం ఖర్చు సంగతి చూడండి. అది ఇంట్లో అందరికీ అలవాటయ్యాకే రెండోదాని జోలికి వెళ్లండి. సరుకులు, కూరగాయలు, పాలు అన్నీ కలిపి నెలకు తొమ్మిది వేలు పెట్టే కుటుంబం ఉందనుకుందాం. మొదటి నెల లెక్క రాసుకోవడానికే పోయినా, రెండో నెల నుంచి నెలకు మూడు వందల చొప్పున తగ్గించుకుంటూ పోతే ఆరో నెలకు ఆ ఖర్చు ఏడు వేల అయిదు వందలకు దిగుతుంది. ఆరో వంతు తగ్గినట్టు. కడుపు మాడ్చుకోకుండానే ఇది సాధ్యం, అందులోనూ మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఉన్నవాళ్లకు మరింత సులువు. వడ్లు, కందులు, పల్లీలు, బత్తాయిలు పండే నేల ఇది. పంట ఎప్పుడు చేతికొస్తుందో తెలిసిన మనిషి దాన్ని ఏడాదంతా చిన్న చిన్న ప్యాకెట్లలో కొనుక్కోనవసరం లేదు.

మొదటి నెల: తగ్గించకండి, రాయండి

ఈ నెల మామూలుగానే కొనండి. ఒక నోటు పుస్తకానికి దారం కట్టి వంటింట్లో మేకుకు తగిలించండి. తేదీ, సరుకు, తూకం, ధర, ఎక్కడ కొన్నారు, ఈ అయిదూ రాయాలి. అన్నింటిలోకి ముఖ్యమైనది తూకం. "నూనె ప్యాకెట్టు, ఇంత" అని రాసుకుంటే తరువాత పనికిరాదు, ఎన్ని గ్రాముల ప్యాకెట్టో ఉండాలి. ఫోనులో కట్టే ఇరవై, ముప్పై రూపాయలు రాయడం మరిచిపోతాం కాబట్టి రాత్రి పడుకునే ముందు ఫోనులోని చెల్లింపుల వరుస ఒకసారి చూసి పుస్తకంలోకి ఎక్కించండి.

అదే పుస్తకంలో చివరి పేజీ ఒకటి పారేసిన వాటికి కేటాయించండి. కుళ్లిన టమాటాలు, వడలిన కొత్తిమీర, పులిసిపోయిన పెరుగు, రాత్రి మిగిలి పొద్దున చెత్తలోకి పోయిన అన్నం. ధర రాయకపోయినా ఫరవాలేదు, పేరు రాస్తే చాలు. నెలాఖరుకు ఆ పేజీలో ఏ పేరు పదే పదే కనిపిస్తే అది మీ ఇంట్లో అవసరానికి మించి కొంటున్న సరుకు.

నెల ముగిశాక మొత్తాన్ని ఆరు పద్దులుగా విడదీయండి: బియ్యం, పప్పులు, పిండి; కూరగాయలు, పండ్లు; పాలు, గుడ్లు, మాంసం; నూనె, ఉప్పు, కారం, చింతపండు; టీ, చక్కెర, చిరుతిళ్లు; సబ్బులు వగైరా. ఏ పద్దు పెద్దదో చూసి దాన్నుంచే మొదలుపెట్టాలని అనిపిస్తుంది. అది సరికాదు. ఇంట్లో ఎవరికీ కష్టం తోచని పద్దుతో మొదలుపెట్టండి. మొదటి నెలే గొడవ జరిగితే రెండో నెల ఉండదు.

రెండో నెల: చీటీ, ఉద్దెర

కొట్టుకు వెళ్లే ముందు డబ్బాల మూతలు తీసి చూసి, లేనివే చీటీ మీద రాయండి. ఇది అందరికీ తెలిసిన మాటే కాబట్టి దీని గురించి ఎక్కువ చెప్పను. అసలు చిక్కు ఉద్దెర ఖాతాలో ఉంది. బాకీ ఉన్న మనిషి ధర అడగలేడు. సేటు తూచి ఇచ్చింది తీసుకుని, పుస్తకంలో రాసుకున్నదానికి తలూపి రావడమే. పక్క కొట్టులో తక్కువకు దొరుకుతుందని తెలిసినా వెళ్లలేడు. వడ్డీ పేరుతో ఒక్క రూపాయి తీసుకోకపోయినా ఉద్దెర ఖరీదైనదే.

అలాగని బాకీ ఎగ్గొట్టి ఇంకో కొట్టుకు మారమని చెప్పడం లేదు. కష్టకాలంలో బియ్యం సంచి ఇంటికి పంపేది ఆ సేటే. ముఖాముఖి చెప్పడం మేలు: "సేటూ, పాత బాకీ మూడు నెలల్లో మూడు భాగాలుగా కట్టేస్తాను. ఇప్పటి నుంచి కొనేది మాత్రం నగదుకే. నగదు ధర వేసి ఇవ్వండి." నిలకడగా నగదు ఇచ్చే ఖాతాదారును ఏ వ్యాపారీ వదులుకోడు. బాకీ తీరేదాకా నెలకు మిగిలే మూడు వందలు అటే పోతాయి, అయినా నష్టం లేదు. చీటీ పట్టుకుని ధర అడిగే స్వేచ్ఛ చేతికొస్తుంది.

ప్యాకెట్టు మీది ఎంఆర్పీ గరిష్ఠ ధర. అన్ని పన్నులూ అందులోనే ఉంటాయి. అంతకంటే తక్కువకు అమ్మకూడదని ఏ నియమమూ లేదు, ఎక్కువకు అమ్మితే మాత్రం నేరం. చల్లదనం పేరుతోనో మరో పేరుతోనో ఎక్కువ అడిగితే 1915కు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

మూడో నెల: తూకం చదవడం నేర్చుకోండి

ఈ నెల కొనే సరుకు తగ్గదు, కొనే తీరు మారుతుంది. నూనెతో మొదలుపెట్టండి. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. చూడడానికి లీటరు ప్యాకెట్టులాగే ఉండి లోపల 850 గ్రాములో, అంతకంటే తక్కువో ఉండే ప్యాకెట్లు బజారులో ఉన్నాయి. రెండు కంపెనీల ప్యాకెట్లు పక్కపక్కన పెట్టి, పది రూపాయలు తక్కువని ఒకటి తీసుకుంటాం. వెనక్కి తిప్పి చూస్తే దానిలో అరవై గ్రాములు తక్కువ. నూనె కిలో నూట యాభై అనుకుంటే అరవై గ్రాములు తొమ్మిది రూపాయలు. అంటే మనకు మిగిలింది ఒక్క రూపాయి. ఇలాంటి మోసపు చవక నూనెలోనే కాదు, సబ్బుల్లో, బిస్కెట్లలో, టీ పొడిలో అంతటా కనిపిస్తుంది. ధర పెంచకుండా తూకం తగ్గించడం కంపెనీలకు పాత అలవాటు.

దీనికి విరుగుడు ప్యాకెట్టు మీదే ఉంది. ఎంఆర్పీ దగ్గరలోనే చిన్న అక్షరాల్లో గ్రాముకు ఇంత, మిల్లీలీటరుకు ఇంత అని యూనిట్ ధర అచ్చు వేస్తారు. రెండు వస్తువులను పోల్చాలంటే చూడాల్సింది ఆ అంకె. పెద్ద ప్యాకెట్టు ఎప్పుడూ చవక అనే నమ్మకం కూడా అన్నిసార్లూ నిజం కాదు. షాంపూ లాంటి వాటిలో చిన్న సాచెట్లే మిల్లీలీటరు లెక్కన చవకగా పడే సందర్భాలు ఉన్నాయి. లెక్క వేసి చూసుకోండి.

బియ్యం సంచుల్లోనూ ఒక మెలిక ఉంది. 2022 జూలై 18 నుంచి, 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పులు, పిండి మీద 5 శాతం జీఎస్టీ పడుతోంది. అంతకు మించిన సంచికి ఆ పన్ను లేదు. కొట్లలో 26 కిలోల సంచులు కనిపించడానికి కారణం ఇదే. 25 కిలోల సంచి, 26 కిలోల సంచి ధరలను అలాగే పక్కపక్కన పెట్టి చూడకుండా కిలోకు ఎంత పడిందో భాగించి చూడండి. గోనె సంచిలోంచి తీసి తూచి ఇచ్చే విడి సరుకుకూ ఈ పన్ను ఉండదు. పప్పు విడిగా కొంటే ధర తగ్గడమే కాదు, గుప్పిట్లోకి తీసుకుని రాళ్లు, పుచ్చులు, పాలిష్ చూసుకోవచ్చు.

2025 సెప్టెంబరు 22న ఒంటి సబ్బులు, షాంపూ, టూత్‌పేస్టు, తల నూనె, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి, నెయ్యి, వెన్న మీద 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత చీటీలు దాచిపెట్టుకున్నవాళ్లు తగ్గిన పన్ను తమదాకా వచ్చిందో లేదో సరిచూసుకోవచ్చు. అప్పుడూ ధర ఒక్కటే కాకుండా తూకం కూడా చూడండి.

నాలుగో నెల: బియ్యం

మన ఇళ్లలో నింపాదిగా ఆలోచించాల్సిన పద్దు ఇదే. పెద్దవాళ్లు రెండు పూటలా అన్నం తినే ఇంట్లో మనిషికి రోజుకు పావు కిలో బియ్యం పడుతుంది. నలుగురికి నెలకు ముప్పై కిలోలు. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలైన పథకం కింద రేషన్ కార్డు ఉన్న ఇంటికి మనిషికి 6 కిలోల చొప్పున సన్నబియ్యం ఉచితంగా వస్తున్నాయి. నలుగురికి 24 కిలోలు. అంటే కార్డు ఉన్న ఇల్లు బియ్యానికి పెట్టాల్సిన ఖర్చు ఆరు కిలోలకే పరిమితం కావాలి. అయినా రేషన్ బియ్యాన్ని తక్కువ ధరకు అమ్మేసి, కొట్టు నుంచి రెండింతలకు పైగా పెట్టి సంచి తెచ్చుకునే ఇళ్లు ఉన్నాయి. ఆ బియ్యం అమ్మడం చట్టవిరుద్ధం, పైగా శుద్ధ నష్టం.

అన్నం ముద్దవుతోందని చాలామంది ఫిర్యాదు. కొత్త బియ్యం గుణమే అది. కొత్త బియ్యానికి నీళ్లు తక్కువ పోయాలి. మామూలుగా గ్లాసుకు రెండున్నర పోసేవాళ్లు రెండుతో మొదలుపెట్టి చూడండి. పాత బియ్యం ఇంట్లో ఉంటే సగం సగం కలిపి వండండి. పొంగలికి, పిల్లలకు పప్పన్నం కలిపి పెట్టడానికి కొత్త బియ్యమే బాగుంటుంది.

కార్డు లేనివాళ్లకు చెప్పేది వేరు. వానాకాలం వడ్లు అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య కోతకొస్తాయి, యాసంగి వడ్లు ఏప్రిల్, మే నెలల్లో. సాగర్ ఎడమ కాలువ కింద పండే వడ్లు ఎక్కువగా మిర్యాలగూడ మిల్లులకే చేరతాయి. ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్లు నలుగురైదుగురు కలిసి మిల్లు దగ్గరే క్వింటాలో, రెండో కొని పంచుకుంటే మధ్యలో చేతులు మారే ఖర్చు తప్పుతుంది. పాత బియ్యం ధర ఎప్పుడూ ఎక్కువే, ఎందుకంటే అన్నం పొడిపొడిగా వస్తుంది, బాగా ఒదుగుతుంది. ఇంట్లో చోటు ఉంటే డిసెంబరు, జనవరిలో కొత్తవి కొని వానలు పడేదాకా నిల్వ పెట్టండి. అప్పటికి అవే పాత బియ్యం అవుతాయి. సన్నరకాల్లో బీపీటీ అయినా, ఆర్‌ఎన్‌ఆర్ అయినా ఇంతే. కొనేటప్పుడు నాలుగు గింజలు పంటికింద నలపండి. మెత్తగా నలిగితే తడి ఇంకా ఉందన్నమాట, నిల్వకు పనికిరావు. టక్కున విరగాలి.

నిల్వలో బియ్యాన్ని ఎర్రటి ఎండలో ఆరబోయకూడదు, గింజ పగిలి నూకలవుతుంది. నీడలో గాలి తగిలేలా ఒక పూట పరిచి, ఆరిన వేపాకు మధ్యమధ్య వేసి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోయండి. సంచిని నేల మీద కాకుండా చెక్క మీద పెట్టండి.

మిల్లుకు వెళ్లినప్పుడు నూకలు అడగడం మరిచిపోకండి. బియ్యం కంటే చాలా తక్కువకు వస్తాయి. ఉప్మాకు, జావకు ఇంకేమీ అక్కర్లేదు. పాలమూరు వైపు రాత్రి జొన్నరొట్టె తినే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి, అది వదులుకోకండి. జొన్నలు కొని నెలకు రెండుసార్లు కొద్దికొద్దిగా గిర్నీలో పట్టించండి. పిండి పాతబడితే చేదెక్కుతుంది, రొట్టె తట్టేటప్పుడు అంచులు పగులుతాయి. ప్యాకెట్టు జొన్నపిండితో రొట్టె రావడం లేదని మానేసినవాళ్లు ఒకసారి తాజాగా పట్టించి చూడండి.

అయిదో నెల: అంగడి

కూరగాయల ఖర్చు తగ్గేది బేరంతో కాదు, వేళతో. వారం అంగడికి పొద్దున వెళితే ఎంచుకునే వీలు ఉంటుంది, పొద్దుగూకే వేళ వెళితే ధర తగ్గుతుంది. దూరపు ఊరి నుంచి వచ్చిన రైతు సరుకు తిరిగి మోసుకుపోలేడు. కానీ ఆ వేళకు అన్నీ కొనకూడదు. ఎండకు వడలిన పాలకూర, బెండకాయ చవకగా వచ్చినా మర్నాటికి సగం పారేయాల్సిందే. సోరకాయ, గుమ్మడికాయ, దోసకాయ, క్యాబేజీ, చామగడ్డ, ఆలుగడ్డ సాయంత్రం కొన్నా చెడవు. ఆకుకూరలు ఇంటి దగ్గరికి పొద్దున్నే తెచ్చే అమ్మ దగ్గర ఏ రోజుకు ఆ రోజు కట్ట తీసుకోవడమే నయం.

కొన్నాక వండే వరుస కూడా ఉండాలి. ఆకుకూరలు కొన్న రోజే, మొదటి రోజుల్లో బెండకాయ, వంకాయ, గోరుచిక్కుడు, చివరి మూడు రోజులు గట్టి కాయలు, దుంపలు. ఈ వరుస పాటిస్తే మొదటి నెల రాసుకున్న "పారేసినవి" పేజీ దాదాపు ఖాళీ అవుతుంది.

కుప్పలుగా పోసి అమ్మే చోట కుప్ప అడుగున ఏముందో చూడండి. పైన నాలుగు మంచి టమాటాలు పేర్చి ఉంటాయి. చేత్తో కదిలించి చూసి, "తూకానికి ఎంతకిస్తారు అక్కా?" అని అడగండి. కుప్ప ధరను మనసులో కిలోకు మార్చుకోవడం నాలుగు వారాల్లో అలవాటవుతుంది. రైతుబజారులో రోజువారీ ధరల బోర్డు ఉంటుంది. అంగడికి వెళ్లే ముందు అది చూసుకుంటే బేరం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. ఒక మాట మాత్రం చెప్పాలి. రెండు బుట్టలు నెత్తిన పెట్టుకుని వచ్చిన మనిషితో రెండు రూపాయల కోసం గీచి గీచి బేరం ఆడవద్దు. పొదుపు అంటే ఆమె కూలి కోయడం కాదు. అడిగిన ధర ఇచ్చి కొసరుగా కరివేపాకు రెబ్బ అడగండి, నవ్వుతూ ఇస్తుంది.

ఉల్లిగడ్డ విషయంలో పాలమూరువాళ్లకు దేవరకద్ర మార్కెట్టు దగ్గరలోనే ఉంది. వేసవికి ముందు వచ్చే యాసంగి ఉల్లి నిల్వకు ఆగుతుంది, వానాకాలం ఉల్లి ఆగదు. మెడ సన్నగా, పొర గలగలలాడుతూ ఉన్న గడ్డలు ఎంచుకుని, గాలి ఆడే చోట గోనె మీద పరచండి. ఆలుగడ్డ పక్కన పెట్టవద్దు, రెండూ తొందరగా పాడవుతాయి. వర్షాలు ముగిసే కాలంలో ఉల్లి ధర ఎగబాకినప్పుడు ఆ నిల్వ విలువ తెలుస్తుంది.

టమాటా కథ వేరు. వేసవిలో మన దగ్గర పంట తగ్గి మదనపల్లె, కోలార్ సరుకు మీద ఆధారపడతాం. 2023 జూలైలో కిలో వంద దాటిపోయిన సంగతి అందరికీ గుర్తే. అలాంటప్పుడు టమాటా కొనడం మానేయడమే తెలివి. పులుపు కోసమే అయితే మనకు పుంటికూర ఉంది, చుక్కకూర ఉంది, మామిడికాయ ఉంది, చింతచిగురు ఉంది, రాత్రికి పచ్చిపులుసు ఉండనే ఉంది. చలికాలం చివర్లో టమాటా గుట్టలుగా వచ్చి ధర పడిపోయినప్పుడు నాలుగైదు కిలోలు కొని, చక్రాలుగా కోసి, ఉప్పు చల్లి, గలగలలాడేదాకా ఎండబెట్టి వరుగులు చేసుకుంటే పప్పులోకి వానాకాలమంతా వస్తాయి. గోరుచిక్కుడు, వంకాయ వరుగులూ అంతే.

పండ్లలో కూడా కాలాన్ని నమ్ముకోండి. నల్లగొండ బత్తాయి, కొల్లాపూర్ మామిడి, బాలానగర్ సీతాఫలం ఏ నెలలో తోట నుంచి వస్తాయో ఆ నెలలోనే తినండి. పరాయి దేశపు ఆపిల్ పండు తినకపోతే పిల్లలకు లోటేమీ రాదు.

ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు లేవు కాబట్టి పెద్ద మార్కెట్టుకు వెళ్లి రావడం ఇదివరకటంత భారం కాదు. మోసుకురాగలిగినంతే కొనండి. ఆటో మాట్లాడుకుంటే మిగిలింది దానికే సరి.

ఆరో నెల: నూనె, చక్కెర, చిరుతిండి

వీటిని ఆఖరుకు ఉంచడానికి కారణం ఉంది. ఇవి నాలుకకు సంబంధించినవి. తగ్గిస్తే వెంటనే తెలిసిపోతాయి.

లెక్క వేసి చూడండి. కప్పు టీకి పది గ్రాముల చక్కెర, మనిషికి రెండు కప్పులు, నలుగురు. రోజుకు ఎనభై గ్రాములు, నెలకు రెండు కిలోల నాలుగు వందల గ్రాములు, ఒక్క టీలోనే. వారానికి పావు చెంచా చొప్పున తగ్గిస్తే ఎవరూ గుర్తుపట్టరు. నెలలో దాదాపు సగానికి వస్తారు. నూనె కూడా అంతే. మనిషికి రోజుకు 25 గ్రాముల చొప్పున నలుగురికి నెలకు మూడు కిలోలు, అంటే మూడు లీటర్ల పైచిలుకు. మీ ఇంట్లో అయిదు లీటర్లు అవుతుంటే డబ్బాలోంచి నేరుగా బాణలిలోకి ఒంపడం మానేసి, చిన్న గిన్నెలో వారానికి సరిపడా పోసి పెట్టుకుని చెంచాతో వేయండి. ఇంతకు మించి ఏమీ చేయనవసరం లేదు.

చిరుతిండి ప్యాకెట్లను ఆపేస్తానని ప్రకటించకండి, బదులు సరుకు ముందు ఇంట్లోకి తెండి. జడ్చర్ల, గద్వాల, వనపర్తి వైపు పల్లీ పంట వచ్చే రోజుల్లో పొట్టుతో ఉన్న కాయ కొనండి. పది కిలోల కాయకు ఆరున్నర, ఏడు కిలోల గింజ వస్తుంది. ఒలవని కాయ చాలా రోజులు ఆగుతుంది, కనుక వారానికి సరిపడా ఒలుచుకుంటే చాలు. వేయించిన పల్లీలు, బెల్లం ముక్క, ఉడికించిన గుడాలు బడి నుంచి వచ్చే వేళకు చేతికి అందేలా ఉంటే పిల్లలు వాటినే తింటారు. బలమిస్తుందని చెప్పి అమ్మే, పాలల్లో కలుపుకునే పొడుల డబ్బాల ధర చూసి నాకు బాధేస్తుంది. వాటిలో చాలావాటిలో చక్కెర ఎక్కువ. రాగి జావ వాటికంటే మంచిది.

ఏడాది సరుకు

ఆరు నెలల తరువాత చేతిలో కొంత మిగులు ఉంటుంది. ఆ డబ్బును ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య ఏడాది సరుకులో పెట్టండి. కందులు, ఎండుమిర్చి, చింతపండు కొత్త పంట మార్కెట్లలోకి వచ్చే కాలం అది.

కందిపప్పుకు నారాయణపేట, తాండూరు వైపు పేరుంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పొలం ఉన్న బంధువుల దగ్గర కందులు దొరికితే పప్పు మిల్లులో ఆడించుకోండి. పప్పే కొనేట్టయితే ఒక రోజు ఎండలో పోసి, చల్లారాక కిలోకు చెంచాడు ఆముదం చేతులకు రాసుకుని పప్పుకు పట్టించండి. పురుగు దరిచేరదు. వండే ముందు కడిగితే జిడ్డు పోతుంది.

మిరపకాయలు కొన్నాక ఎండబెట్టి, తొడిమలు తీసి, గిర్నీలో పట్టించండి. తొడిమల తరుగు, గిర్నీ కూలి కలుపుకుని కిలో కారం ఎంతకు పడిందో పుస్తకంలో రాయండి. ప్యాకెట్టు కారంతో పోల్చుకోవచ్చు. రంగు, ఘాటు ఎలాగూ వేరుగా ఉంటాయి.

చింతపండును గింజ తీయకుండా కొంటే చవక, కానీ పెంకు, ఈనెలు, గింజ పోగా దాదాపు సగమే చేతికొస్తుందని గుర్తుంచుకుని ధర కట్టండి. మధ్యాహ్నం ఎండలో గంటసేపు పెడితే పెంకు పెళుసెక్కి సులువుగా రాలుతుంది. కాయను నిలువునా చీల్చి, ఈనె లాగి, చిన్న కర్రతో కొట్టి గింజ జార్చాలి. నలుగురు కూర్చుంటే ఒక సాయంత్రం పని. మళ్లీ ఒక రోజు ఎండబెట్టి, దొడ్డుప్పు చల్లి, ముద్దలు కట్టి జాడీలో అదిమి పెట్టండి. నాలుగైదు నెలలకు రంగు నల్లబడుతుంది. చెడిపోయిందని పారేయకండి, నల్ల చింతపండు చారుకు ఇంకా బాగుంటుంది. తడి చెయ్యి మాత్రం పెట్టకూడదు.

అప్పు చేసి మాత్రం ఏడాది సరుకు కొనకండి. వడ్డీ కడుతూ దాచుకున్న కందిపప్పులో లాభం ఉండదు.

తగ్గించకూడనివి

పిల్లల పాలు, గుడ్లు, రోజూ ఒక పూట పప్పు, ఆకుకూర. వీటిలో చెయ్యి పెట్టవద్దు. వీటిని కొనే తీరు మార్చవచ్చు అంతే. గుడ్లు విడిగా కాక 30 గుడ్ల ట్రే కొనండి. టీకి 3 శాతం వెన్న ఉన్న టోన్డ్ పాలు చాలు, చిన్న పిల్లలకు తాగడానికి, పెరుగు తోడుపెట్టడానికి వెన్న ఎక్కువ ఉన్న పాలు వాడండి. ఉప్పు దగ్గర రెండు రూపాయలు చూసి అయోడిన్ లేనిది వంటకు తేవద్దు. దొడ్డుప్పు చింతపండుకు, పచ్చళ్లకు ఉండనివ్వండి. గర్భిణి, బాలింత, మందులు వాడే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్ల తిండిని ఈ లెక్కలోంచే తీసేయండి.

ఇంకో సంగతి. ఇంటి ఆడవాళ్లు తమ కంచంలోంచి తగ్గించి మిగులు చూపించే ప్రమాదం ఉంటుంది. ఆఖరున తినే మనిషికి కూర మిగులుతోందో లేదో ఇంట్లో మగవాళ్లు చూడాలి.

పండుగ నెలలు

దసరా, సంక్రాంతి నెలల్లో ఖర్చు పెరగక మానదు. ఆ నెలలను మామూలు నెలలతో పోల్చి నిరాశపడవద్దు, పోయిన ఏడాది అదే పండుగతో పోల్చండి. బతుకమ్మ సద్దులకు కావలసిన నువ్వులు, పల్లీలు, బెల్లం రెండు నెలల ముందు నుంచి పావుకిలో, అరకిలో చొప్పున తెచ్చుకుంటే పండుగ వారంలో పెరిగిన ధర కట్టనవసరం ఉండదు. సంక్రాంతి సకినాలకు నూనె ఎక్కువ పడుతుంది. ఒక్కో ఇంట్లో వేరువేరుగా బాణలి పెట్టే బదులు, ఇరుగుపొరుగు మూడు నాలుగు ఇళ్లు పిండి తెచ్చుకుని ఒకే బాణలిలో వరుసగా కాల్చుకుంటే నూనె, గ్యాసు రెండూ కలిసొస్తాయి. మిగిలిన నూనెను వడకట్టి నాలుగైదు రోజుల్లో కూరల తాలింపులకు వాడేయండి, మళ్లీ కాల్చడానికి పెట్టవద్దు. సకినాలు పూర్తిగా ఆరాకే డబ్బాలో పెట్టండి. వేడి మీద మూత పెడితే మెత్తబడి ఎవరూ ముట్టుకోరు.